పది గ్రాముల చింతపండు ఒంట్లో ఏం చేసింది? ఫ్లోరైడ్ నీళ్ళ సీమలో ఒక చరిత్ర

ఈరోజు ఎపిసోడ్ మన వంటింట్లో ఉండే ఒక వస్తువు గురించి. చింతపండు. "చారులో పిసికి పోసుకునేదానికి చరిత్ర ఏముంటుంది సార్" అని మీరు అనొచ్చు. ఉంది. మన తెలుగు రాష్ట్రంలోనే, ఒక సాంఘిక సంక్షేమ హాస్టల్‌లో, కొంతమంది అబ్బాయిలకి 18 రోజులు రోజూ మధ్యాహ్నం భోజనంతో 10 గ్రాముల చింతపండు పెట్టారు. పెట్టి, వాళ్ళ మూత్రంలో ఏ ఖనిజం ఎంత పోతోందో కొలిచారు. వచ్చిన లెక్కలు చూస్తే, "నేచురల్ కదా, ఏమీ కాదులే" అనే మాట మీరు ఇంకోసారి అనే ముందు కాస్త ఆగుతారు.

ఇది ఎందుకు ఎంచుకున్నానంటే, ఈ మధ్య నాకు ఒకే రకం మెసేజ్‌లు ఎక్కువ వస్తున్నాయి. ఫోన్‌లో ఒక రీల్ కనిపిస్తుంది. ఏదో ఆకు పొడి, ఏదో గింజ పొడి, ఏదో క్యాప్సూల్. ఒంట్లో విషమంతా కడిగేస్తుంది, ఖనిజాలన్నీ నింపేస్తుంది అంటారు. "సార్, కొనమంటారా?" అని అడుగుతారు. కొనాలా వద్దా అని నేను చెప్పను. కానీ ఒక మొక్క నుంచి వచ్చిన పదార్థం ఒంట్లోకి వెళ్ళి ఏ పోషకాన్ని పెంచుతుంది, దేన్ని తగ్గిస్తుంది అని మన దగ్గర నిజంగా ఎలా కొలిచారో చెప్తాను. ఆ తర్వాత మీరే అడగాల్సిన ప్రశ్నలు అడుగుతారు.

ముందు మన పక్క నుంచే మొదలుపెడదాం. అగళి. శ్రీ సత్యసాయి జిల్లాలో, మడకశిర పక్కన, కర్ణాటకను ఆనుకుని ఉన్న మండలం. పక్కనే రొళ్ళ, అమరాపురం, గుడిబండ. ఇటు వస్తే హిందూపురం, అటు పోతే శిరా, తుమకూరు. అందుకే ఇక్కడ ఒకే ఇంట్లో తెలుగూ కన్నడమూ రెండూ వినిపిస్తాయి. మనం చింతపండు అంటే, పక్కింటి అవ్వ హుణసె హణ్ణు అంటుంది. పేరు ఏదైనా పులుపు ఒకటే. సంగటి ముద్దలోకి పులగూర, ఊరిబిండి, ఉలవచారు, వీటిలో చింతపండు లేనిది ఏది చెప్పండి? ఇక హిందూపురం మార్కెట్ యార్డు అంటే చింతపండుకి పెట్టింది పేరు. కరిపులి రకం ఎంత పలికింది, ఫ్లవర్ రకం ఎంత పలికింది అని సీజన్‌లో పేపర్లో వేస్తారు. ఈ పండు మీద ఆధారపడి, కొట్టి, గింజ తీసి, ఈనె లాగి బతికే ఆడవాళ్ళు మన పల్లెల్లో ఎంతమందో మీకు తెలుసు.

అయితే ఈ చెట్టు అసలు పుట్టిల్లు ఆఫ్రికా. అక్కడి నుంచి ఎప్పుడో పాతకాలంలోనే మన దేశానికి వచ్చి, ఇక్కడిదే అన్నంతగా కలిసిపోయింది. ఎంతగా అంటే, అరబ్ వర్తకులు దీన్ని "తమర్ హిందీ" అన్నారు, అంటే హిందూ దేశపు ఖర్జూరం అని. టామరిండ్ అనే మాట అక్కడి నుంచే. 1563లో గోవాలో అచ్చయిన గార్సియా ద ఓర్తా పుస్తకంలో కూడా మన దేశపు మందు దినుసుల మధ్య చింతపండు ఉంది. అంటే దీన్ని కూరలో పులుపుగానే కాదు, మందుగా చూడటం కూడా పాత సంగతే. కానీ మందు అని నమ్మడం వేరు, కొలిచి చూడటం వేరు. కొలవడం దాకా రావడానికి ఒక పెద్ద కష్టం కారణమైంది. ఆ కష్టం పేరు ఫ్లోరైడ్.

మన ఉమ్మడి అనంతపురం జిల్లా నేల కింద ఉన్నది గ్రానైట్ జాతి రాయి. అందులో ఫ్లోరైడ్ ఉన్న ఖనిజాలు ఉంటాయి. వాన తక్కువ. పైన నీళ్ళు లేక లోతుకి, ఇంకా లోతుకి బోరు వేస్తాం. నీళ్ళు ఆ రాయిలో ఎక్కువ కాలం నిలిచే కొద్దీ ఫ్లోరైడ్ కరిగి నీళ్ళలోకి వస్తుంది. మన దేశ ప్రమాణం ప్రకారం లీటరు తాగునీటిలో ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము దాకా ఉండొచ్చు. వేరే నీళ్ళు దొరకని చోట 1.5 దాకా ఒప్పుకుంటారు. అది దాటితే పిల్లల పళ్ళ మీద తెల్ల మచ్చలు, పసుపు, గోధుమ రంగు చారలు వస్తాయి. ఇంకా ఎక్కువ ఉన్న నీళ్ళు ఏళ్ళ తరబడి తాగితే ఎముకలకు, కీళ్ళకు పడుతుంది. మెడ తిరగదు, నడుము వంగదు.

దీన్ని మన దేశంలో మొదట శాస్త్రీయంగా గుర్తించింది ఎక్కడో తెలుసా? తెలుగు నేల మీదే. 1937లో షార్ట్, మెక్‌రాబర్ట్ అనే డాక్టర్లు, వాళ్ళ సహచరులు, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా పల్లెల్లో నడుములు బిగుసుకుపోయిన రైతుల్ని చూసి, కారణం తాగే నీళ్ళలోని ఫ్లోరైడ్ అని ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్‌లో రాశారు. అప్పటిదాకా ఆ పల్లెల జనానికి అది పేరు లేని జబ్బు. ఎవరో చేతబడి చేశారనో, వయసు మీద పడిందనో అనుకుని ఉంటారు. పేరు పెట్టాక కూడా మందు లేదు. ఈ రోజుకీ ఎముకల్లో దిగిన ఫ్లోరైడ్‌ని పూర్తిగా తీసేసే మందు లేదు. నీళ్ళు మార్చడమే దారి.

ఇక్కడ మన కథలోకి హైదరాబాద్ వస్తుంది. తార్నాక దగ్గర జాతీయ పోషకాహార సంస్థ ఉంది కదా, దాని మొదలు 1918లో కూనూరులో. రాబర్ట్ మెకారిసన్ అనే డాక్టరు చిన్న గదిలో బెరిబెరి జబ్బు మీద మొదలుపెట్టిన పరిశోధన అది. 1950ల చివర్లో హైదరాబాద్‌కి మారింది. 1969లో ఇప్పటి పేరు వచ్చింది. ఈ సంస్థకి మరీ దూరం కాని చోటే నల్గొండ. ఫ్లోరైడ్ అంటే దేశమంతా గుర్తొచ్చే పేరు. పటిక, సున్నం కలిపి నీళ్ళలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని నీరీ సంస్థ తయారు చేస్తే, దానికి "నల్గొండ టెక్నిక్" అనే పేరే పడింది.

1973లో పోషకాహార సంస్థకి చెందిన కృష్ణమాచారి, కృష్ణస్వామి అనే శాస్త్రవేత్తలు లాన్సెట్ అనే ప్రఖ్యాత వైద్య పత్రికలో ఒక విషయం రాశారు. ఫ్లోరైడ్ ఉన్న ఊళ్ళలో కుర్రాళ్ళకి మోకాళ్ళు లోపలికి వంగిపోయి, పాదాలు ఎడంగా పోతున్నాయి. ఇది పెద్దవాళ్ళకి వచ్చే బిగుసుకుపోయే జబ్బులా లేదు, వేరే రూపం. మరి అదే నీళ్ళు తాగితే అందరికీ ఒకేలా ఎందుకు రాలేదు? అప్పుడు వాళ్ళు తిండి వైపు చూశారు. ఆ పల్లెల్లో ముఖ్యమైన తిండి జొన్న.

ఫ్రెండ్స్, ఇక్కడ జాగ్రత్తగా వినండి, ఈ ఎపిసోడ్‌కి గుండెకాయ ఇదే. 1974లో దేవస్థలే, గోపాలన్ ఒక ప్రయోగం ఫలితాలు ప్రచురించారు. జొన్న తిండి మీద ఉన్న మనుషులకి మాలిబ్డినం అనే ఖనిజం ఎంత అందుతోంది, దాన్ని బట్టి మూత్రంలో రాగి ఎంత పోతోంది అని కొలిచారు. రోజుకి 160 మైక్రోగ్రాముల మాలిబ్డినం అందినప్పుడు 24 మైక్రోగ్రాముల రాగి పోయింది. 540 అందినప్పుడు 42. 1540 అందినప్పుడు 77. అంటే ఒకటి లోపలికి వచ్చే కొద్దీ ఇంకొకటి బయటికి పోతోంది. రాగి ఎముక గట్టిదనానికి కావాల్సిన ఖనిజం. 1977లో లక్ష్మయ్య, శ్రీకంఠయ్య ఇంకో ప్రశ్న వేశారు: వరి తినేవాళ్ళలో, జొన్న తినేవాళ్ళలో ఫ్లోరైడ్ ఎవరి ఒంట్లో ఎక్కువ నిలుస్తుంది? జొన్న తిండి మీద ఎక్కువ నిలిచింది.

అంటే జొన్న చెడ్డదా? కాదండీ. మన తాతలు తిని బలంగా ఉన్నారు. నీళ్ళలో ఫ్లోరైడ్ మితిమీరి ఉన్న చోట తిండి కూడా లెక్కలోకి వస్తుంది, అంతే. ఇంకో మాట కూడా చెప్పాలి. 2000లో అమెరికాలో యువకుల మీద చేసిన ప్రయోగంలో మాలిబ్డినం పెంచినా రాగి మీద ప్రభావం కనిపించలేదు. తిండి వేరు, మనుషులు వేరు, పద్ధతి వేరు. ఒక్క ప్రయోగంతో ఏదీ తేలిపోదు. సైన్స్ ఇలాగే నడుస్తుంది, రీల్‌లాగా 30 సెకన్లలో తేలదు.

సరే, తిండి ఫ్లోరైడ్‌ని ఒంట్లో నిలబెట్టగలిగితే, తిండి దాన్ని బయటికి పంపగలదా? ఈ ప్రశ్నే చింతపండు దగ్గరికి తీసుకొచ్చింది. మొదట కుక్కల మీద చూశారు. ఆ తర్వాత మనుషుల మీద. ఖందారే, లక్ష్మయ్య బృందం చేసిన ఆ హాస్టల్ ప్రయోగం 2002లో యూరోపియన్ జర్నల్ ఆఫ్ క్లినికల్ న్యూట్రిషన్‌లో వచ్చింది. ఆరోగ్యంగా ఉన్న 20 మంది అబ్బాయిలతో మొదలుపెట్టారు, 18 మంది చివరిదాకా ఉన్నారు. చింతపండు లేని తిండితో ఒక లెక్క, రోజుకి 10 గ్రాముల చింతపండుతో ఇంకో లెక్క. 10 గ్రాములు అంటే చిన్న నిమ్మకాయంత కూడా కాదు.

లెక్కలు వినండి. చింతపండు లేనప్పుడు రోజుకి మూత్రంలో పోయిన ఫ్లోరైడ్ సగటున 3.5 మిల్లీగ్రాములు. చింతపండు తిన్నప్పుడు 4.8. మూడో వంతు కంటే ఎక్కువే పెరిగింది. ఒంట్లో నిలిచిపోవాల్సింది బయటికి వెళ్ళిపోతోంది. మంచిదే కదా!

కానీ అదే కాగితంలో ఇంకో రెండు వరసలు ఉన్నాయి. రీల్ చేసేవాళ్ళు ఇవి చదవరు. మెగ్నీషియం రోజుకి 23 మిల్లీగ్రాములకు పైగా పోయేది, 7కి పడిపోయింది. జింక్ 331 మైక్రోగ్రాముల నుంచి 252కి తగ్గింది. కాల్షియం, ఫాస్పరస్ మాత్రం చెప్పుకోదగ్గంత మారలేదు. అంటే చింతపండు ఒక్క ఫ్లోరైడ్‌నే ముట్టుకోలేదు. ఒకే పులుపు, ఒకే మోతాదు, అయినా ఒక ఖనిజం పోవడం పెరిగింది, రెండు ఖనిజాలు పోవడం తగ్గింది, ఇంకో రెండు కదల్లేదు.

ఎందుకు ఇలా? ముందు ఫ్లోరైడ్ సంగతి. చింతపండు పులుపుకి ముఖ్య కారణం టార్టారిక్ ఆమ్లం. తినేటప్పుడు పులుపు, కానీ ఇలాంటి పండ్ల లవణాలు ఒంట్లో మారాక మూత్రంలో ఆమ్లగుణం తగ్గుతుంది. కిడ్నీలో ఫ్లోరైడ్‌కి రెండు రూపాలు ఉంటాయి అనుకోండి. మూత్రం ఆమ్లంగా ఉంటే అది హైడ్రోజన్‌తో జతకట్టి, గోడ దాటి మళ్ళీ రక్తంలోకి జారుకుంటుంది. మూత్రంలో ఆమ్లగుణం తగ్గితే జత దొరకదు, అయాన్‌గానే ఉండిపోతుంది, గోడ దాటలేదు, బయటికి పోతుంది. సంతలో జత ఎద్దు ఉంటేనే బండి కదులుతుంది కదా, అలాగే. ఇది కిడ్నీ గురించి బాగా తెలిసిన సంగతి.

ఇక మెగ్నీషియం, జింక్. మూత్రంలో తగ్గాయి అంటే రెండు అర్థాలు ఉండొచ్చు. ఒకటి, ఒళ్ళు వాటిని పోనివ్వకుండా దాచుకుంది. ఇది లాభం. రెండు, పేగులోనే ఏదో వాటిని పట్టేసుకుంది, అవి రక్తంలోకి సరిగా రాలేదు, రాలేదు కాబట్టి పోవడానికీ లేవు. ఇది నష్టం. మీ ఇంటి కరెంటు బిల్లు తగ్గితే, పొదుపుగా వాడారని అర్థం కావొచ్చు, ఊళ్ళో కరెంటే లేదని కూడా అర్థం కావొచ్చు. బిల్లు ఒక్కటే చూసి చెప్పలేం. అలాగే మూత్రం ఒక్కటే చూసి ఒంట్లో నిల్వ చెప్పలేం. తిన్నది ఎంత, మలంలో పోయింది ఎంత, రక్తంలో ఉన్నది ఎంత, అన్నీ కలిపి చూడాలి. ఎవరైనా "మా పొడితో జింక్ లాస్ తగ్గింది" అంటే మీరు అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే: ఎక్కడ కొలిచారు?

2004లో అదే సంస్థ వాళ్ళు ఇంకో అడుగు వేశారు. ఫ్లోరైడ్ ఉన్న ప్రాంతంలో అబ్బాయిలకి ముందు ఫ్లోరైడ్ తీసేసిన నీళ్ళు ఇచ్చి, దాని పైన చింతపండు ఇచ్చి చూశారు. మంచి నీళ్ళతో వచ్చిన మేలుకి తోడు చింతపండు వల్ల అదనంగా కొంత మేలు కనిపించింది అని రాశారు. ఆ "అదనంగా" అనే మాట దగ్గర నేను ఆగిపోతాను. ముందు నీళ్ళు, తర్వాతే చింతపండు. నీళ్ళు మార్చకుండా పులుపు పెంచితే, ఒక చేత్తో బిందె నింపుతూ ఇంకో చేత్తో చెంబుతో తోడినట్టు ఉంటుంది.

మన జిల్లా చరిత్ర కూడా అదే చెప్తుంది. 1990ల నడుమ శ్రీ సత్యసాయి సెంట్రల్ ట్రస్ట్ ఉమ్మడి అనంతపురం జిల్లాలో వందల ఊళ్ళకి పైపుల్లో తాగునీళ్ళు తెచ్చింది. తర్వాత ప్రభుత్వ పథకాలు వచ్చాయి, ఊళ్ళలో ఆర్వో ప్లాంట్లు వచ్చాయి. పిల్లల పళ్ళను కాపాడేది ఈ పని. ఎందుకంటే పంటి మీద ఫ్లోరైడ్ మచ్చ పడేది పన్ను చిగురు లోపల తయారయ్యే వయసులో, అంటే దాదాపు ఎనిమిదేళ్ళ లోపు. ఒకసారి పడ్డాక ఏ పొడి రుద్దినా, ఏ చింతపండు తిన్నా లోపలి నుంచి పోదు. కాలేజీ కుర్రాళ్ళు ఫోటోలో నవ్వకుండా నోరు మూసుకోవడం నేను చూశాను. వాళ్ళ తప్పు ఏమీ లేదు. చిన్నప్పుడు తాగిన నీళ్ళు అవి. అలాంటివాళ్ళకి "ఈ పొడితో మచ్చలు మాయం" అని అమ్మేవాళ్ళని చూస్తే నాకు కోపం వస్తుంది, దాచుకోను.

ఇప్పుడు దీన్నుంచి మనం ఇంటికి తీసుకెళ్ళేది ఏంటి?

ఒకటి. మొక్క పదార్థం ఒంట్లో ఖనిజాల లెక్క మార్చగలదు. దీనికి ప్రయోగశాల కూడా అక్కర్లేదు. అన్నం తిన్న వెంటనే టీ తాగితే టీలోని టానిన్ వల్ల తిండిలోని ఇనుము సరిగా పట్టదు. అదే ఆకుకూరలో నిమ్మకాయ పిండితే ఇనుము బాగా పడుతుంది. మన రాగుల్లో 100 గ్రాములకి 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. కాల్షియం పేగులో ఫ్లోరైడ్‌ని పట్టుకుని లోపలికి పోనివ్వడం తగ్గిస్తుంది. సంగటి, పులగూర అనే మన భోజనం తక్కువదేమీ కాదు.

రెండు. కూరలో వేసుకునే మోతాదు వేరు, క్యాప్సూల్‌లో కుక్కిన మోతాదు వేరు. కూరలో అది పప్పుతో, ఆకుతో, ముద్దతో కలిసి వెళ్తుంది. క్యాప్సూల్‌లో ఒంటరిగా, ఎక్కువగా వెళ్తుంది. పైగా మందులతో కూడా కలుస్తుంది. నైజీరియాలో చేసిన ప్రయోగాల్లో చింతపండు కలిపిన తిండితో ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ మాత్రలు వేసుకుంటే, ఆ మందు రక్తంలో మామూలు కంటే ఎక్కువ కనిపించింది. కాబట్టి రోజూ మాత్రలు వేసుకునే అమ్మానాన్నలకి, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళకి, గర్భిణీలకి డాక్టరుని అడగకుండా ఏ పొడీ మొదలుపెట్టొద్దు.

మూడు. లేబుల్ చదవండి. 2016 నాటి ఆహార భద్రతా సంస్థ నిబంధనల ప్రకారం ఇలాంటి సప్లిమెంట్ల మీద "ఇది మందుగా వాడేది కాదు" అనే అర్థం వచ్చే మాట ఉండాలి. ఆ మాట డబ్బా వెనక ఉంటుంది, ముందు మాత్రం అన్ని జబ్బులూ తగ్గుతాయి అన్నట్టు బొమ్మ ఉంటుంది. వెనక్కి తిప్పి చూడండి.

నాలుగు. మీ ఊరి బోరు నీళ్ళు పరీక్ష చేయించండి. గ్రామీణ నీటి సరఫరా విభాగం వాళ్ళకి ల్యాబ్‌లు ఉన్నాయి. సచివాలయంలో అడిగితే ఎలా పంపాలో చెప్తారు. ఒక సంగతి గుర్తుపెట్టుకోండి, నీళ్ళు కాచితే ఫ్లోరైడ్ పోదు. నీళ్ళు ఆవిరై తగ్గే కొద్దీ ఉన్నది ఇంకా చిక్కబడుతుంది.

1937లో నెల్లూరు పల్లెల్లో నడుము వంగని రైతుల దగ్గర మొదలైన ప్రశ్న, 2002లో హాస్టల్ పిల్లల కంచంలో చింతపండు దాకా వచ్చింది. ఈ 65 ఏళ్ళలో మన శాస్త్రవేత్తలు చేసిన పని ఒక్కటే: నమ్మే ముందు కొలిచారు. మేలు కనిపించినప్పుడు మేలు రాశారు, పక్కనే తగ్గిన మెగ్నీషియం, జింక్ లెక్క కూడా దాచకుండా రాశారు. మీకు ఎవరైనా ఏదైనా అమ్మేటప్పుడు ఆ రెండో లెక్క కూడా అడగండి. చూపించకపోతే డబ్బులు జేబులోనే పెట్టుకోండి.

మీ ఊరి నీళ్ళు పరీక్ష చేయిస్తే ఫ్లోరైడ్ ఎంత వచ్చిందో కామెంట్‌లో రాయండి, ఊరి పేరు, బోరు లోతు కూడా రాయండి. అగళి, రొళ్ళ, అమరాపురం వైపు వాళ్ళు కన్నడంలో రాసినా పర్లేదు, చదువుతాను. వచ్చే ఎపిసోడ్‌లో మళ్ళీ కలుద్దాం. అంతదాకా ఉంటాను, నమస్తే.